రెండో తలుపు మాస్టారు

“సెలవు పెట్టమంటారా మేడం? ముప్పై నాలుగేళ్ల సర్వీసులో జ్వరమొస్తేనే సెలవు పెట్టలేదు. డ్రిల్లొస్తే పెట్టాలా?”

“జ్వరానికి స్టాప్‌వాచీ ఉండదు మాస్టారూ, డ్రిల్లుకు ఉంటది! ఒక్క రోజు. మీకు దణ్ణం పెడతా. ఆ ఒక్క రోజు బడికి రాకండి, ఆ తలుపు గొడవ ఎత్తకండి.”

“వస్తా. ఎత్తుతా. ముందు మీరా తలుపు తీయించండి.”

“దొంగలు నయం! వెనక తలుపు ఎక్కడుందా అని రాత్రిళ్లే వెతుకుతారు. మీరు ప్రేయర్ బెల్లుతోనే మొదలుపెడతారు!”

హెడ్మిస్ట్రెస్ గది బయట ట్రైపాడ్ చంకన పెట్టుకుని నిలబడ్డ ఉపేంద్ర, నవ్వు ఆపుకోవడానికి గోడ మీది సూక్తులు చదవడం మొదలుపెట్టాడు. లోపల తిడుతున్నది మల్లీశ్వరి మేడం. తిట్లు తింటున్నది సోషల్ చెప్పే అమరేశ్వరరావు మాస్టారు. ఫిబ్రవరి ఆఖరుకు, అంటే ఇంకో పది రోజుల్లో ఆయన రిటైరవుతున్నారు. ముప్పాళ్ల దాటాక కాలవ పక్కన ఉండే ఆ ఊళ్లో ఆయన దగ్గర చదువుకోని వాడు లేడు. ఆయన్ని చూసి నవ్వని వాడూ లేడు.

ప్రతి మనిషికీ ఏదో ఒక పిచ్చి ఉంటుంది. ఒకడికి పేకాట, ఒకడికి కోడిపందెం, ఇంకొకడికి పంచాయతీ ఎన్నిక. అమరేశ్వరరావు మాస్టారి పిచ్చి రెండో తలుపు. ఏ ఇంటికెళ్లినా, ఏ హోటల్లో కాలుపెట్టినా, ఏ కల్యాణ మండపంలోకి దూరినా చెప్పులు విడవకముందే ఆయన అడిగే మాట ఒకటే.

“రెండో తలుపు ఎక్కడండీ?”

మంచినీళ్లు తర్వాత. కుశలప్రశ్నలు ఆ తర్వాత. ఎందుకండీ ఈ గోల అంటే జవాబు సిద్ధంగా ఉంటుంది. “మొదటి తలుపు లోపలికి రావటానికి కట్టారు. రెండోది బయటపడటానికి. లోపలికి ఎవడైనా వస్తాడు.”

ఒకసారి తమ్ముడి కొడుక్కి పెళ్లిచూపులని ఆయన్ని పెద్దమనిషిగా సత్తెనపల్లి తీసుకెళ్లారు. అదే వాళ్లు చేసిన తప్పు. ఆడపిల్లవారు ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చారు. మాస్టారు వసారాలో నిలబడి అటూ ఇటూ చూసి, “మీ ఇంటికి రెండో తలుపు ఎక్కడండీ?” అన్నారు. పిల్ల తండ్రి ముఖం పాలిపోయింది. పిల్ల నాయనమ్మ లోపల్నుంచి కర్ర పుచ్చుకుని వచ్చింది. “ఏందయ్యా ఆ మాట? మా పిల్ల వెనక తలుపు నుంచి పోయే రకమనుకున్నావా?” తమ్ముడు తలపట్టుకున్నాడు. సంబంధం గోవిందా అని పెళ్లికొడుకు కూడా అనుకున్నాడు. అప్పుడు పిల్ల, పేరు ఉష, కాఫీ పళ్లెంతో వచ్చి ఏమాత్రం తడబడకుండా చెప్పింది. “వంటింట్లోంచి ఉంది మామయ్యా. కాకపోతే గుమ్మానికి గేదెను కట్టేశారు.” మాస్టారు కాఫీ అందుకుని, “గేదెను పక్కన కట్టండి. సంబంధం ఖాయం,” అన్నారు.

ఇంకోసారి పిల్లల్ని విహారయాత్రకని విజయపురి సౌత్ తీసుకెళ్లి సాగర్‌లో లాంచీ ఎక్కించారు. లాంచీ కదలబోతుంటే డ్రైవరు భుజం తట్టి అదే ప్రశ్న. డ్రైవరు బీడీ ఆర్పి చెప్పాడు. “చుట్టూ కృష్ణే సారూ. ఎటు దూకినా తలుపే.” అంతే, ప్రతి పిల్లకీ పిల్లాడికీ లైఫ్ జాకెట్టు తొడిగేదాకా లాంచీని ఒడ్డునే ఉంచారు. దానికి గంటన్నర పట్టింది. ఆ ఏడు పిల్లలు చూసిన చారిత్రక కట్టడం లైఫ్ జాకెట్టొక్కటే.

నడుం నొప్పికి నరసరావుపేటలో స్కానింగుకు పడుకోబెడితే ఆ గుండ్రటి మిషన్ లోపల్నుంచి కూడా వినపడిందట. “అమ్మాయ్, దీనికి రెండో తలుపు ఏదీ?”

ఊళ్లో అందరూ ఆయన్ని రెండో తలుపు మాస్టారనే పిలిచేవారు. ఉపేంద్ర కూడా. కాకపోతే ఉపేంద్ర మనసులో ఆయనకో చిన్న పీట ఉంది. ఇంజనీరింగు మూడో ఏట మానేసి పుస్తకాలు అటక మీద పడేసి కెమెరా కొనుక్కుని ఊరికొచ్చినప్పుడు, ఎదురుపడ్డ ప్రతివాడూ “ఎందుకు మానేశావురా?” అని అడిగాడు. వీడు ప్రతివాడికీ “నాకు రాలా, మానేశా. నీకేమన్నా వచ్చా?” అని సమాధానం చెప్పి, ఆర్నెల్లలో సగం ఊరితో మాటలు పోగొట్టుకున్నాడు. మాస్టారు మాత్రం కెమెరాను అటూ ఇటూ తిప్పి చూసి, “బ్యాటరీ ఎంతసేపొచ్చిద్దిరా?” అన్నారు. రెండో ప్రశ్న వేయలేదు. తర్వాత వారం బడి నుంచి కబురొచ్చింది, సేఫ్టీ డ్రిల్లుకు వీడియో తీయాలని.

ఆ సేఫ్టీ సంగతి చెప్పాలి.

కాగితం మీద ఆ బడంత భద్రమైన చోటు జిల్లాలో లేదు. నిప్పు ఆర్పే ఎర్ర సిలిండరుంది. అది మేడం గది బీరువాలో ఉంది. మాస్టారికీ మేడంకీ దాని మీద జరిగిన సంభాషణ స్టాఫ్ రూములో అందరికీ కంఠతా వచ్చు.

“బయట తగిలించండి మేడం.”

“ఎవరన్నా ఎత్తుకుపోతే నా జీతంలో కోస్తారు.”

“నిప్పంటుకుంటే?”

“బీరువా తాళం తీసి ఇస్తాం గదా.”

“తాళం ఎవరి దగ్గరుంది?”

“అటెండరు దగ్గర.”

“అటెండరు ఎక్కడ?”

“సెలవు.”

ఎర్ర బకెట్లు నాలుగుండేవి. ఒకదాంట్లో ఇసుక అంట్లు తోమడానికి వంటావిడ వాడేసింది. ఒకదాంట్లో మందారం నాటారు. మూడోది ఊరి పిల్లులు తమ సొంత అవసరాలకు తీసుకున్నాయి. నాలుగోది చెక్కుచెదరకుండా ఉండేది, ఎందుకంటే దానికి అడుగు లేదు. ఫస్టెయిడ్ పెట్టెలో ఒక కత్తెర, పసుపుపచ్చగా మారిన దూది, మేడం చీర పిన్నులు ఉండేవి. మేడం చెడ్డమనిషి కాదు పాపం. రోజుకు తొమ్మిది ఫొటోలు యాప్‌లో ఎక్కించాలి. అన్నం ఫొటో, గుడ్డు ఫొటో, మరుగుదొడ్డి ఫొటో. అవి ఎక్కేసరికి సాయంత్రమయ్యేది. ఫొటోలో ఉన్నదల్లా ఉన్నట్టే లెక్క అని ఆవిడకు అలవాటైపోయింది.

ఇక రెండో తలుపు. బడికి పొడుగాటి వరండా. ఒక చివర అయిదు మెట్లు, ముందు తలుపు. రెండో చివర తొమ్మిదో తరగతి గది, దాన్నానుకుని వెనక తలుపు. గోడ మీద పెయింటరు ఎర్ర బాణం గీసి “ప్రమాద సమయంలో ఈ దారి” అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. బాణం మొన నేరుగా వెళ్లి గుచ్చుకునేది కోటయ్య మిరపకాయలకు.

బడి కమిటీకి చైర్మన్ పుల్లమ్మ. సంతకం ఆవిడది, పెత్తనం ఆవిడ భర్త కోటయ్యది. కోల్డ్ స్టోరేజీలో చోటు లేదని, గుంటూరు యార్డులో రేటు లేదని, ఓ నలభై టిక్కీల ఎండు మిరపకాయలు తెచ్చి ఆ తలుపుకడ్డంగా పేర్పించాడు. ఒక టిక్కీ అంటే మోకాలెత్తు గోతం, నిండు మనిషికి మోత. ఒక లాటు వెళితే ఇంకో లాటు. ఆరేళ్లయింది.

“తీయవయ్యా కోటయ్యా,” అనేవారు మాస్టారు.

“రేటు రానీ మాస్టారూ. వచ్చిన రోజు పొద్దున్నే తీస్తా. నా సరుకు పిల్లకాయల్ని కరిచిద్దా ఏంది?”

అంటే నూట ఎనభై ఏడు మంది పిల్లలు ఎటునుంచి బయటపడాలన్నది గుంటూరు యార్డు నిర్ణయించాలన్నమాట. గజం చేను లేని మాస్టారు అప్పట్నుంచి రోజూ పేపరు తీయగానే మిరప ధరలు చూసేవారు. “తేజా రకం ఎట్టా పలికింది?” అని ఎదురొచ్చిన రైతునల్లా ఆపేవారు. ధర పెరిగితే ఆయన ముఖం కోటయ్య ముఖంకన్నా ముందు వెలిగేది. పైగా ప్రతి శుక్రవారం టిక్కీల సందులోంచి మోచేతిదాకా చెయ్యి దూర్చి, కోడి ఈకతో తలుపు గడియకు కొబ్బరినూనె రాసేవారు. చెయ్యంతా కారమే. ఆ రోజు ఆయన కళ్లు నలుపుకుంటే సాయంత్రందాకా పాఠం లేదు.

ఇంత చేసే మనిషి డ్రిల్లులో మాత్రం ఏం చేసేవారో తెలుసా? అందరికంటే ఆఖర్న వచ్చేవారు.

ఆ ఏడు మూడు డ్రిల్లులు జరిగాయి. మూడు నిమిషాల్లో బడి ఖాళీ కావాలని రూలు. మూడుసార్లూ పిల్లలు గంట కొట్టగానే గువ్వల్లా ఎగిరిపోయేవారు. మేడం స్టాప్‌వాచీ పట్టుకుని మెట్ల కింద నిలబడితే, మూడు నిమిషాలయ్యాక, మూడున్నర అయ్యాక, దాదాపు నాలుగు కావస్తుంటే అప్పుడు దిగేవారు మాస్టారు. కాలికి ఒక చెప్పు, చేతిలో ఒక చెప్పు.

“మళ్లీనా మాస్టారూ?”

“చెప్పు తెగింది మేడం.”

“నిప్పంటుకుంటే చెప్పు ఏరుకుంటూ కూర్చుంటారా ఎవరన్నా?”

“కొత్తదండీ, మొన్ననే కుట్టించా.”

మేడం పళ్లు కొరికి ఉపేంద్ర వైపు తిరిగేవారు. “మూడో నిమిషం దగ్గర కత్తిరించి పంపు.” ఉపేంద్ర చూడకుండానే కత్తిరించి పంపేవాడు. వీడియోల ప్రకారం అమరేశ్వరరావు మాస్టారు ఆ ఏడు మూడుసార్లు బడి లోపలే ఉండిపోయారు. పైవాళ్లు ఒక్కరు కూడా ఆయనేమయ్యాడని అడగలేదు.

ఆ చెప్పు కథకు ఇంకో ముక్క బజార్లో దొరికింది. చెప్పుల కొట్టు కాలేషా ఒకరోజు ఉపేంద్రను పిలిచి కూర్చోబెట్టాడు.

“ఉపేంద్రా, మీ సారుకి ఒంట్లో బాగానే ఉందా?”

“ఏం మావా?”

“డ్రిల్లు అయిన మర్నాడల్లా చెప్పు తెస్తాడు. కొత్త జత ఇస్తా, డబ్బులొద్దు, నా కూతురికి చదువు చెబుతున్నారు అంటే తీసుకోడు. పోనీ గట్టిగా కుడతానంటే, వద్దు కాలేషా, రెండు పోగులేసి వదిలెయ్ అంటాడు. ముప్పై ఏళ్ల నుంచి కుడుతున్నా. గట్టిగా కుట్టొద్దనే బేరం నేను చూళ్లా!”

కొట్టు గడప మీద కూర్చుని హోంవర్కు రాసుకుంటున్న కాలేషా కూతురు జాస్మిన్ పడీపడీ నవ్వింది. తొమ్మిదో తరగతి. పుట్టుకతోనే ఎడంకాలు కాస్త పొట్టి. తండ్రి స్వయంగా చేసిన, అడుగు ఎత్తు పెంచిన బూటు వేసుకుని టకటకమని నడుస్తుంది. నోరు మాత్రం బడిలో అందరికంటే పొడుగు.

“సారు సంగతి నాకు తెలుసన్నా. ఆయన పరిగెత్తలేడు, చెప్పు మీద పెడతాడు. మూడు డ్రిల్లుల్లో మూడుసార్లు ఓడించా ఆయన్ని!”

“నువ్వా?”

“నేనే. కావాలంటే అడుగు. నాలుగోసారి కూడా ఓడిస్తా.”

ఇక మనం వదిలొచ్చిన గొడవ దగ్గరికొద్దాం. ఆ నాలుగో డ్రిల్లుకే జిల్లా నుంచి బృందం వస్తోంది. మూడు నిమిషాల్లో బడి ఖాళీ అయితే సురక్షిత పాఠశాల అని సర్టిఫికెట్టు. మాస్టారికి సెలవు పెట్టమని చెప్పి ఓడిపోయిన మేడం, రెండో ఆలోచన బయటపెట్టారు.

“సరే, మీరు రండి. ఆ జాస్మిన్ని మాత్రం ముందే తీసుకెళ్లి వేపచెట్టు కింద కూర్చోబెడదాం. వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటది. పిల్లకూ శ్రమ ఉండదు, మనకూ టైం కలిసొచ్చిద్ది.”

మాస్టారి గొంతు అంతదాకా ఉన్నట్టు లేదని బయట ఉన్న ఉపేంద్రకు అనిపించింది. అరుపు పోయి మెత్తగా అయింది.

“నిప్పు కూడా ముందే కబురుపెట్టి వచ్చిద్దా మేడం, జాస్మిన్ని చెట్టు కింద కూర్చోబెట్టండి అని? నేను పోయేలోపు ఆ తలుపు తెరుచుకోవాలి. ఆ పిల్ల లోపలే ఉండాలి. ఆ తర్వాత మీ ఇష్టం, నన్ను చెట్టుకు కట్టెయ్యండి.”

గోడ మీది సూక్తి ఏమిటో ఉపేంద్రకు ఆ తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా గుర్తురాలేదు.

డ్రిల్లు రోజు రానే వచ్చింది. అకస్మాత్తుగా వచ్చే ప్రమాదం కోసం బడి వారం రోజుల నుంచి సిద్ధంగా ఉంది. పిల్లలు తొమ్మిదింటి నుంచి బెంచీ అంచుల మీద, ఒక కాలు బయటపెట్టి కూర్చున్నారు. మొదటి గంటకు అతిథులకు టీ. రెండో గంటకు శాలువాలు. మూడో గంటకు ప్రమాదం. “మూడో గంట కొట్టకుండా ఎవరన్నా కదిలారో, టీసీ ఇచ్చి పంపిస్తా,” అని మేడం ప్రేయర్లో చెప్పారు.

జాస్మిన్ని చెట్టు కింద కూర్చోబెట్టారు. పది నిమిషాల్లో తిరిగొచ్చి తన బెంచీలో కూర్చుంది. “చెట్టు కింద చీమలున్నయ్ మేడం.” మేడంకు ఆ పిల్లతో వాదించే తీరిక లేదు. పెద్దాఫీసరు దిగిపోయాడు.

నాలుగు ఫ్యాన్లూ తిరిగే గది బడి మొత్తంలో తొమ్మిదో తరగతే. కాబట్టి అతిథుల్ని అక్కడే కూర్చోబెట్టారు. పెద్దాఫీసరు, ఆయన వెనక ఇద్దరు చిన్నాఫీసర్లు, వాళ్ల పక్కన కోటయ్య, అందరి చేతుల్లో మిరపకాయ బజ్జీలు. పిల్లలు ముప్పై నలుగురు బజ్జీల వైపు చూస్తున్నారు. మాస్టారు బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఉపేంద్ర కెమెరాలో బజ్జీలు రికార్డవుతున్నాయి.

పొగ పెట్టే పని అటెండరుది. నిజంలా ఉండాలని పెద్దాఫీసరు ఫోన్లో కోరాడట. వరిగడ్డి కాల్చమని మేడం చెప్పారు. గడ్డి ఎక్కడో వెతకడం దేనికని అటెండరు, కోటయ్య లాటులో మిగిలిన ఖాళీ గోతాలు నాలుగు తెచ్చి ఇనప బొచ్చెలో కుక్కాడు. ముందు వైపు పెడితే కొత్త సున్నం మసిబారుతుందని వరండా నట్టనడుమ పెట్టాడు. రెండో గంట మోగగానే అగ్గిపుల్ల గీశాడు.

ఖాళీ గోతం అంటారుగానీ మిరప గోతం ఎప్పుడూ ఖాళీ కాదు. అడుగున విరిగిన కాయ, గింజ, పొడి అన్నీ కలిపి తవ్వెడు ఉంటాయి. తాలింపులో రెండు ఎండుమిరపకాయలు మాడితేనే పక్కింటివాళ్లు తుమ్ముతారు. ఇక్కడ నాలుగు గోతాల కారం ఒక్కసారిగా మాడింది.

ముందుగా తుమ్మింది అటెండరే. ఆ తుమ్ముతో గంట కొట్టే కర్ర ఎక్కడో పడేసి మెట్ల మీద నుంచి ఒక్క దూకు దూకాడు. మూడో గంట కొట్టేవాడు లేడు. పిల్లలు కళ్లూ ముక్కూ కారుకుంటూ, టీసీకి భయపడి, బెంచీ అంచుల మీద అలాగే కూర్చున్నారు. “మేడం, గంట!” అని ఆరో తరగతి మొత్తం ఏడుస్తోంది. అప్పుడు మాస్టారు జేబులోంచి ఈల తీసి చెవులు పగిలేలా ఊదారు. ముందు గదుల పిల్లలు మెట్ల వైపు ఉరికారు. వాళ్లకు దారుంది. తొమ్మిదో తరగతికి మాత్రం మెట్లకూ తమకూ మధ్యన ఆ బొచ్చె, ఆ ఘాటు. రెండడుగులేసి చూసిన చిన్నాఫీసరొకడు శాలువాలో ముఖం దాచుకుని వెనక్కొచ్చాడు.

పెద్దాఫీసరు బజ్జీ వదిలేశాడు. కళ్లు కనపడక గోడ తడుముకుంటూ, దగ్గుతూ, ఎంతో గౌరవంగా అడిగాడు.

“మాస్టారూ... దీనికి రెండో తలుపు... ఎక్కడండీ?”

ముప్పై నాలుగేళ్లలో మొదటిసారి ఆ ప్రశ్న ఇంకొకరి నోటి నుంచి వచ్చింది. మాస్టారు దాన్ని ఒక్క క్షణం ఆస్వాదించారని, అది కెమెరాలో స్పష్టంగా పడిందని ఉపేంద్ర ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

“మిరపకాయల వెనక ఉంది సార్.”

అప్పుడు చూడాలి కోటయ్యని. పంచె ఎగ్గట్టి టిక్కీల మీద పడ్డాడు. యార్డులో హమాలీలు కూడా అంత వేగంగా మోయరు. “లాగండయ్యా, లాగండి! ఎవడివిరా ఈ టిక్కీలు, దారికడ్డంగా? బుద్ధుండక్కర్లా?”

“మీయే పెదనాయనా!” అంది జాస్మిన్, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య.

ఉపేంద్ర నడుస్తున్న కెమెరాను తలుపు వైపు తిప్పి బెంచీ మీద పెట్టి తనూ పట్టాడు. చిన్నాఫీసర్లిద్దరూ గోతానికి చెరో చెవి పట్టుకుని లాగారు. తలుపు బయటపడింది. గడియ ఆరేళ్లుగా తీయనిది. కోటయ్య దాన్ని పీకడానికి రెండు చేతులూ వేశాడు. మాస్టారు అతన్ని పక్కకు జరిపి ఒక్క వేలితో నెట్టారు. వెన్నలో కత్తిలా జారింది. కొబ్బరినూనె ఊరికే పోలేదు.

గాలి ఒక్కసారిగా లోపలికొచ్చింది. పెద్దాఫీసరు ముందుకు దూకబోతుంటే మాస్టారి చెయ్యి అడ్డంగా లేచింది. “లైను సార్, లైను. తలుపు దగ్గరున్నవాళ్లు ముందు.”

తలుపు దగ్గరున్నది జాస్మిన్. టక, టక, టక. ఆమె అడుగుల్లో పన్నెండు. మెట్లు లేవు. ఆరేళ్లలో ఆ గుమ్మంలోంచి బయటపడ్డ మొట్టమొదటి మనిషి ఆ పిల్ల. వెనక పిల్లలు, వాళ్ల వెనక ఆఫీసర్లు, వాళ్ల వెనక కోటయ్య. గదంతా ఒకసారి కలయజూసి, బెంచీల కిందకు కూడా వంగి చూసి, ఆఖర్న మాస్టారు.

మల్లీశ్వరి మేడం ముందువైపు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చారు. చేతిలో అడుగు లేని ఎర్ర బకెట్టుంది. వచ్చీరాగానే పిల్లల్ని వేలితో లెక్కపెట్టారు, రెండుసార్లు. స్టాప్‌వాచీ ఎక్కడ పడిందో ఆవిడకు తెలియదు, అడగనూ లేదు.

బొచ్చె మీద వంటావిడ సాంబారు పోయడంతో నిప్పు ఆరింది. ఎవరికీ ఏమీ కాలేదు, మూడు రోజులు ముక్కులు కారడం తప్ప. పెద్దాఫీసరు సర్టిఫికెట్టు ఇచ్చే వెళ్లాడు. “డ్రిల్లు వాస్తవానికి అత్యంత సమీపంగా నిర్వహించబడినది,” అని రాశాడు. కోటయ్య మర్నాడే లారీ పెట్టి టిక్కీలు యార్డుకు తోలేశాడు. రేటు గురించి అడిగితే, “ఎంతొస్తే అంత,” అన్నాడట. ఎర్ర సిలిండరు బీరువాలోంచి వరండాలోకి వచ్చింది, మేడం స్వయంగా మేకు కొట్టించారు.

తర్వాత రోజు మధ్యాహ్నం ఉపేంద్ర తన ఫొటో కొట్లో కూర్చుని వీడియో సర్దుతున్నాడు. మాస్టారు గుమ్మం దాటే చోట వాడి చెయ్యి ఆగింది. రెండు కాళ్లకూ రెండు చెప్పులున్నాయి. నిజంగా ప్రమాదం వచ్చిన రోజున చెప్పు తెగలేదు!

వాడు పాత వీడియోలు బయటికి తీశాడు. కత్తిరించకముందువి. మూడు నిమిషాల తర్వాతి ముక్కల్ని ట్రైపాడ్ మీది కెమెరా తీసిందే గానీ వాడు ఎప్పుడూ చూడలేదు.

ఆగస్టు. వరండా ఖాళీ. గోడ పట్టుకుని జాస్మిన్ వస్తోంది. టక, టక. ఆమెకు రెండడుగుల వెనక మాస్టారు. ఆమె మెట్ల దగ్గరకు రాగానే ఆయన వంగి, తన చెప్పు వారును తనే పుటుక్కున లాగి, చేతిలో పట్టుకుని, ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డారు. ఆమె అయిదు మెట్లూ దిగింది. వెనక్కి తిరిగి, ఇంకా పైనే ఉన్న మాస్టారిని చూసి, పిడికిలి పైకెత్తి ఎగిరింది. నవంబరులోనూ అంతే. జనవరిలో వారు ఓ పట్టాన తెగలేదు. ఆయన ఒక కాలితో చెప్పును తొక్కిపట్టి, రెండు చేతులతో, ముఖం ఎర్రబడేలా పీకుతున్నారు. ఉపేంద్ర కుర్చీలోంచి పడిపోయేంత నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయాడు.

మూడో నిమిషం దగ్గర వాడు కత్తిరించింది మాస్టారినొక్కరినే కాదు. పంపిన వీడియోల్లో జాస్మిన్ పోను నూట ఎనభై ఆరుగురే బయటికొచ్చారు. అడిగినవాడు లేడు సరే, కత్తిరించినవాడు తను. వాడికి వాడి మీదే చిరాకేసింది. ఆ మూడింటినీ పూర్తి నిడివితో మళ్లీ మేడంకు పంపాడు. మేడం నుంచి చాలాసేపటికి ఒక్క మాట వచ్చింది. “ఎక్కించాను.”

ఇరవై ఎనిమిదో తారీకున మాస్టారికి సన్మానం. దండలు, ప్రసంగాలు, కోటయ్య చేతుల మీదుగా గోడగడియారం. కెమెరా సర్దుకుని ఉపేంద్ర వెతికితే, ఆయన వెనక తలుపు గడప మీద కూర్చుని కారప్పూస తింటూ కనిపించారు. తలుపు బార్లా తెరిచి ఉంది. వాడి ముఖం చూడగానే ఆయనకు అర్థమైంది.

“చూశావా?”

“చూశా సార్.”

“ఎవరికన్నా చెప్పావా?”

“చెప్పలా.”

“జాస్మిన్‌కి?”

“చెబితే మిమ్మల్ని చంపేసిద్ది. మూడుసార్లు గెలిచాననుకుంటోంది.”

“గెలిచింది. అనుకోవటం ఏంది?” మాస్టారు పొట్లం వాడి వైపు జరిపారు. “ఆఖర్న వచ్చేవాణ్ణి చూసే గదరా ఊరంతా నవ్వేది. నేనెట్టాగూ అలవాటు పడ్డ మనిషిని.”

కాసేపు ఇద్దరూ కారప్పూస నమిలారు. తర్వాత మాస్టారు అసలు సంగతిలోకి వచ్చారు.

“జూన్‌లో ఆ పిల్ల పదో తరగతి. కొత్త బ్లాకు. దానికి రెండో తలుపు లేదు, గోడే. తలుపు పెట్టమని అర్జీ ఇచ్చా. మేడం కూడా సంతకం పెట్టింది, ఈసారి ఫొటో కోసం కాదు. అయినా ఆ గోడ పగిలేసరికి ఏడాది పట్టిద్ది. ఈలోపు మూడు డ్రిల్లులు. నేనుండను. నువ్వు వీడియో తీయటానికి వస్తావు గదా?”

“వస్తా.”

“ముందు నుంచి తీయబాకు. వెనక నుంచి తియ్యి. రెండడుగులు వెనక.”

ఆయన సంచీలోంచి ఒక పొట్లం తీసి వాడి చేతిలో పెట్టారు. మిరప ధరలున్న పేపరు. విప్పితే పాత చెప్పుల జత, కుడిదానికి వారు సగం ఊడి ఉంది.

“నేను బూట్లేసుకుంటా సార్. పైగా ఇవి నా కాలికి పట్టవు.”

“పట్టకపోతే మరీ మంచిది, లేటయిద్ది.” మాస్టారు లేచి పంచె దులుపుకున్నారు. రెండో తలుపు లోంచే బయటికి నడిచి, నాలుగడుగులేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగారు.

“ఒరేయ్ ఉపేంద్రా, ఒక్కటే అడుగుతా. కాలేషా చూస్తే ఊరుకోడు, లాక్కుంటాడు. వాడెంత బతిమాలినా సరే, వాటిని మాత్రం గట్టిగా కుట్టించబాకు.”